కబురు ఎవరు చెప్పాలి?



గత నెలలో వచ్చిన ఉత్తరములలో ఒక సహోదరి ఉత్తరము నన్ను చాల ఆలోచింపజేసింది. ఆమె ఒక వృద్ధాశ్రమములో రాత్రి డ్యూటీ చేసే ఆయా. పేరు, ఊరు చెప్పవద్దని కోరారు, చెప్పను. ఆమె అడిగినది ఇది. "అయ్యగారూ, మా దగ్గర పెద్దవారు ఎవరైనా రాత్రివేళ చనిపోతే పిల్లలకు ఫోను చేసే పని నాకే చెబుతారు. నాకు నోరు రాదు. 'మీ అమ్మగారికి సీరియస్‌గా ఉందండీ, వెంటనే బయలుదేరండి' అని చెప్పి పెట్టేస్తాను. అప్పటికి ఆమె చనిపోయి గంట అయి ఉంటుంది. ఇది అబద్ధమేనా? నేను పాపము చేస్తున్నానా?"

అమ్మా, జవాబు చెప్పకముందు ఒక మాట. ఈ ప్రశ్న నీవు అడిగావు గాని, అడగవలసినవారు నీకు ఆ పని అప్పగించినవారు. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

మొదట, ఇది నీ ఒక్కదాని అలవాటు కాదు. మనవారందరిలో ఉన్నదే. పూర్వము టెలిగ్రాము వచ్చేది. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ." ఆ కాగితము విప్పకముందే ఇంటిలో ఆడవారు ఏడుపు మొదలుపెట్టేవారు. సీరియస్ అంటే అర్థము ఏమిటో పోస్టుమాన్‌కు తెలుసు, వీధి వీధంతటికీ తెలుసు. 2013 జూలైలో మన దేశములో తంతి సేవ మూతపడింది. తంతి పోయింది గాని ఆ మాట పోలేదు, సెల్‌ఫోనులోకి వచ్చి కూర్చుంది. అయితే ఒక తేడా ఉన్నది. ఆనాడు సీరియస్ అనే మాటను ఎవరూ నమ్మేవారు కాదు. ఈనాడు పిల్లలు నమ్ముతున్నారు. ఎందుకంటే ఈ రోజులలో సీరియస్ అయినవారు ఐ.సి.యు.లో చేరి, వెంటిలేటరు మీద ఉండి, బ్రతికి బయటకు వస్తున్నారు గదా!

మనము ఆ మాట ఎందుకు చెబుతాము? జాలితోనే. దారిలో ఏమైపోతాడో, బండి ఎలా నడుపుతాడో, బిడ్డతల్లి, తట్టుకోలేదేమో అని. ఆ జాలిని నేను తప్పు పట్టను. అయితే దాని ఖరీదు ఎంతో చూడండి. నేనెరిగిన ఒక కుమారుడు అమెరికానుండి బయలుదేరాడు. నాన్నగారికి సీరియస్ అన్నారు. విమానములలోను, మధ్యలో విమానాశ్రయపు కుర్చీలలోను కూర్చొని అతడు చేసిన పని ఒక్కటే: ప్రభువా, మా నాన్నను స్వస్థపరచుము అని ప్రార్థించడము. శంషాబాదులో దిగి ఫోను ఆన్ చేశాడు. వాట్సాప్‌లో పూలదండల మధ్య తండ్రి ముఖము, క్రింద నిన్నటి తేదీ. అతడు నాతో అన్న మాట నేను మరువలేదు. "అయ్యగారూ, నాన్న పోయినందుకు దేవుని మీద కోపము లేదు. కాని ఆయన ఆత్మను ప్రభువు చేతికి అప్పగించవలసిన గంటలలో నేను స్వస్థత కోసము పోరాడుతూ కూర్చున్నాను. నన్ను ఏడవనివ్వలేదు. నా ప్రార్థనను కూడ దారి తప్పించారు."

సమూయేలు రెండవ గ్రంథము 18వ అధ్యాయము మీలో చాలమందికి తెలుసు. ఎఫ్రాయిము అడవిలో యుద్ధము జరిగింది. అబ్షాలోము చనిపోయాడు. తండ్రియైన దావీదు మహనయీములో రెండు గుమ్మముల మధ్య కూర్చొని కబురు కోసము చూస్తున్నాడు. ఈ కబురు ఎవరు మోసికొని పోవాలి? యాజకుడైన సాదోకు కుమారుడు అహిమయస్సు, నేను పరుగెత్తుతాను అన్నాడు. యోవాబు వద్దన్నాడు, రాజకుమారుడు చనిపోయాడు, ఇది నీవు మోయవలసిన కబురు కాదు అన్నాడు. అని, పక్కనున్న కూషీని పంపాడు.

ఇక్కడ కాస్త ఆగండి. కూషీ ఎవరు? కూషు దేశమువాడు, పరదేశి. మంచివారి బిడ్డ, యాజకుని కుమారుడు చెడ్డ కబురు మోయకూడదట. పరదేశి మోయవచ్చునట. ప్రియులారా, మన ఆశ్రమములలో, ఆసుపత్రులలో నేటికీ ఇదే లెక్క గదా! నెల నెలా డబ్బు తీసికొనేది మేనేజరుగారు. వార్షికోత్సవమునాడు వేదిక మీద శాలువా కప్పించుకొనేది డైరెక్టరుగారు. రాత్రి రెండు గంటలకు తండ్రి మరణము కుమార్తెకు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము, అందరికంటె తక్కువ జీతము తీసికొనే ఆయా! ఇది న్యాయము కాదు. ఉత్తరము వ్రాసిన అమ్మా, నీ ప్రశ్నకు సగము జవాబు ఇది. నీకు నోరు రాకపోవడములో వింత లేదు. ఆ బరువు నీది కాదు.

అయినా కథ అక్కడ ఆగలేదు. అహిమయస్సు ఊరుకోలేదు, బ్రతిమాలి బయలుదేరాడు, మైదానపు దారిని పరుగెత్తి కూషీని దాటిపోయాడు. రాజు అడిగిన మొదటి ప్రశ్న జయము గూర్చి కాదు, బిడ్డ క్షేమమా అని. అహిమయస్సుకు సంగతి తెలుసు. యోవాబు నోటినుండి విన్నాడు. అయినా, ఏదో గొడవ జరుగుతూ ఉండగా చూశాను, అదేమిటో నాకు తెలియలేదు అన్నాడు. మన సీరియస్ అన్నమాట అక్కడిదే! అంత దూరము పరుగెత్తి వచ్చి, తండ్రి ముఖము చూడగానే అతనికి నోరు రాలేదు. రాజు, నీవు పక్కకు నిలువుము అన్నాడు. తరువాత కూషీ వచ్చాడు. అదే ప్రశ్న. కూషీ మర్యాద తప్పలేదు, రాజు ఎదుట మాటాడవలసిన రీతిగానే మాటాడాడు, కాని సంగతి దాచలేదు. దావీదుకు అర్థమైపోయింది. గుమ్మము పైనున్న గదికి ఎక్కిపోయి ఏడ్చాడు. చూడండి, ఏడ్వడానికి ఆ తండ్రికి దారి ఇచ్చినవాడు ముందు వచ్చినవాడు కాదు, చెప్పినవాడు.

అయితే ఎలా చెప్పాలి? దీనికి మన ప్రభువు దగ్గరే ఒక మాదిరి ఉన్నది. యోహాను సువార్త 11వ అధ్యాయములో లాజరు నిద్రించుచున్నాడని ఆయన శిష్యులతో అన్నారు. వారికి అర్థము కాలేదు. నిద్రపోతే మంచిదే గదా, బాగుపడతాడు అనుకొన్నారు. అప్పుడు ప్రభువు ఇంకొక మృదువైన మాట వెదకలేదు. లాజరు చనిపోయాడని స్పష్టముగా చెప్పారు. కొద్దిసేపటిలో లేపబోవుచున్న ఆయనే ఆ మాట పలుకుటకు జంకలేదు.

మన సంఘములలో ప్రభువునందు నిద్రించారు అంటాము, మహిమలో ప్రవేశించారు అంటాము. మంచి మాటలే, సమాధి కార్యక్రమములో చెప్పండి, పత్రికలో వేయండి. కాని అర్ధరాత్రి నిద్రలో లేచి ఫోను ఎత్తిన మనిషితో నిద్రించారు అంటే, నిద్రపోతే నాకెందుకు ఫోను చేశారు అంటాడు. ఒక చోట నిజముగా ఇలా జరిగింది. "నాన్నగారు వెళ్లిపోయారండీ" అని చెప్పారు. ఆ పెద్దాయనకు మతిమరుపు, ఇంతకుముందు రెండుసార్లు గేటు దాటి బయటకు పోయినవాడు. కుమారుడు ఆ మాట విని, "మళ్లీనా? వాచ్‌మన్ ఏమి చేస్తున్నాడు? పోలీసులకు చెప్పారా?" అని కేకలేశాడు. ఫోను చేసినవారు ఆ కేకలకు భయపడి అసలు సంగతి చెప్పనే లేదు. చనిపోయారు అనే మాట కఠినమైనదే. కాని అది ఒక్కసారి తగులుతుంది. తక్కిన మాటలు రోజంతా గ్రుచ్చుతూనే ఉంటాయి.

వైద్యులకు సహితము చెడ్డ వార్త చెప్పే విధానము పాఠముగా నేర్పుతున్నారు. క్యాన్సరు రోగులతో మాట్లాడుటకు స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఒకటి 2000 సంవత్సరములో ప్రచురింపబడింది. దానిలోనిది మనకు పనికివచ్చేది ఇంతే: అవతలివారు ఎటువంటి చోట ఉన్నారో చూసికో, వారికి ఇప్పటివరకు ఏమి తెలుసో అడుగు, సంగతి సూటిగా చెప్పు, చెప్పిన తరువాత వారి దుఃఖము దగ్గర ఆగు. నేను దానిని మన మాటలలో చెబుతాను.

ముందు డాక్టరుగారు వచ్చి చూడాలి. ఆయన నిర్ధారించనిదే ఎవరికీ ఫోను చేయకూడదు. తరువాత ఆశ్రమము బాధ్యత గలవారు, మేనేజరుగాని, నర్సమ్మగారుగాని, ఆ పెద్దవారిని పేరుపెట్టి ఎరిగినవారు ఫోను తీసికోవాలి. ఇలా మాట్లాడవచ్చు. "బాబూ, నేను ఆశ్రమమునుండి ఫలానా వారిని. మీరు బండి మీద లేరు గదా? ఒకసారి కూర్చోండి. పక్కన ఎవరైనా ఉన్నారా? చెడ్డ కబురు చెప్పాలండీ. మీ అమ్మగారు ఈ రాత్రి రెండు గంటల పది నిమిషాలకు చనిపోయారు." అంతే. తరువాత మాట్లాడవద్దు. అవతల ఏడుస్తారు, లేక ఏమీ వినబడదు. ఆ మౌనము మనకు భయముగా ఉండి ఏవేవో చెప్పాలనిపిస్తుంది, వాక్యము కూడ చెప్పాలనిపిస్తుంది. వద్దు. ఫోను పెట్టేయవద్దు. నేను ఇక్కడే ఉన్నానండీ అంటే చాలును. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు తెరువక నేలమీద కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు, నోరు తెరిచిన తరువాతనే చెడిపోయారు!

ఐస్ బాక్సు కిరాయి, బాకీ బిల్లు ఆ ఫోనులో ఎత్తవద్దు. ఒక ఆశ్రమమువారు చనిపోయారన్న మాట, నెల మధ్యలో పోయినా అడ్వాన్సు తిరిగి రాదన్న మాట ఒకే ఊపిరిలో చెప్పారట. అట్టి వారిని గూర్చి నేనేమి చెప్పను? అరగంట తరువాత మళ్లీ ఫోను చేస్తానని చెప్పండి, చేయండి. అప్పుడు అడగండి, మీరు వచ్చేవరకు ఉంచమంటారా, ఏ సమాధుల తోట, ఏ పాస్టరుగారిని పిలువాలి అని.

అప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి తప్పక ఉంటుంది. పక్కన ఎవరైనా ఉన్నారా? ఏమైనా అన్నదా? ఇక్కడే, అమ్మా, నీ అవసరము వస్తుంది. నీవు మోయవలసిన కబురు ఇదే. మేనేజరుగారు ఫోను నీ చేతికి ఇవ్వాలి. నీవు ఉన్నట్లయితే ఉన్నానని చెప్పు. పది గంటలకు మంచినీళ్లు అడిగింది, దుప్పటి కప్పాను, మీ పేరు తలచింది అని. తలచకపోతే తలచిందని చెప్పవద్దు. ఒకవేళ ఎవరూ లేని గడియలో పోతే, అదీ చెప్పు: పన్నెండుకు చూశాను, నిద్రలో ఉన్నది, రెండుకు వచ్చేసరికి ఊపిరి లేదు. జాన్ జుగాన్ అనే పేద స్త్రీ 1839లో ఫ్రాన్సు దేశములో గ్రుడ్డిదైన ఒక ముసలి విధవరాలిని తెచ్చి తన మంచము మీద పడుకోబెట్టింది. ఆ పనిలోనుండే వృద్ధులకు సేవ చేసే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే కన్యకల సంఘము పుట్టింది. వారి ఇండ్లలో ఎవరైనా చివరి దశకు వస్తే సిస్టర్లు రాత్రింబగళ్లు వంతులవారీగా పక్కన కూర్చుంటారు. పిల్లల ఆ ప్రశ్నకు వారి దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధముగా ఉంటుంది. మన ఊళ్లలో ఆశ్రమము పక్కనే సంఘములు ఉన్నవి, స్త్రీల సమాజములు ఉన్నవి. వంతులు వేసికోలేమా?

ఇంకొక సంగతి. మరణవార్త మొదటి వార్త కాకూడదు. మన దేశములో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో ఆ పేరు వృద్ధులు, మంచము పట్టినవారు నివసించే సంరక్షణ గృహమునకు చెల్లుతుంది. మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసికొనే అటువంటి గృహములకు ఆ దేశపు నిబంధనలలో ఒకటి ఉన్నది. నివాసి ఆరోగ్యములో పెద్ద మార్పు వస్తే వెంటనే వైద్యునితో మాట్లాడి, కుటుంబ ప్రతినిధికి తెలియజేయాలి. 2020లో కరోనా దినములలో, ఒక్కరికి కొత్తగా వ్యాధి తేలినా మరునాటి సాయంత్రము 5 గంటలలోగా అక్కడివారందరి కుటుంబములకు తెలపాలని కూడ నియమము పెట్టారు. చట్టము ఉన్నంత మాత్రమున అక్కడ అందరూ చక్కగా చేశారని నేను అనను. కాని పద్ధతి మంచిది. అన్నము మానిన రోజే చెప్పండి. డాక్టరుగారు పెదవి విరిచిన రోజే చెప్పండి. సీరియస్ అనే మాటకు సమయము అదే! బ్రతికి ఉండగా చెబితే అది సత్యము, పిల్లలు వచ్చి చేయి పట్టుకొంటారు. పోయిన తరువాత చెబితే ఎవరికి లాభము?

మన దేశములో 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము మరణమును 21 దినములలోగా రిజిస్ట్రారుకు తెలియజేయాలి. ఇంటిలో అయితే ఇంటి పెద్ద, ఆసుపత్రిలో అయితే అక్కడి వైద్యాధికారి, సత్రము, హాస్టలు వంటి చోట్ల వాటిని నడిపేవారు. పేరు మాత్రము ఆధార్ కార్డులో ఉన్నట్లే వ్రాయించండి. సంఘములో పిలిచే పేరు ఒకటి, కార్డులో పేరు ఒకటి అయి, పెన్షను దగ్గర, బ్యాంకు దగ్గర పిల్లలు తిరుగుతూ ఉండడము నేను చూశాను. సర్కారుకు చెప్పుటకు గడువు ఉన్నది. కుమార్తెకు ఎవరు, ఏ గంటలోగా, ఏ మాటతో చెప్పాలో ఆ చట్టములో లేదు. అది మనమే వ్రాసికోవాలి.

కాబట్టి కుమారులారా, కుమార్తెలారా, మీతో కూడ ఒక మాట. అమ్మను, నాన్నను ఆశ్రమములో చేర్చారు. ఎందుకు చేర్చారని నేను అడగడము లేదు, ఎవరి పరిస్థితి వారిది. గోదావరి జిల్లాలనుండి, కడప వైపునుండి ఎందరో తల్లులు కువైట్‌లో పరాయివారి ముసలివారికి సేవ చేస్తూ, తమ తల్లిని ఇక్కడ విడిచిపెట్టి ఉన్నారు. వారి కడుపు మంట నాకు తెలుసు. కాని ఫోను నంబరు మారితే ఆశ్రమమువారికి చెప్పారా? రెండవ నంబరు ఇచ్చారా? ఇక్కడ రాత్రి 2 గంటలైతే కువైట్‌లో 11:30, డల్లాస్‌లో ఇంకా ముందు రోజు మధ్యాహ్నము, అంటే కాలమునుబట్టి 2:30 లేక 3:30. మీరు ఆఫీసులో మీటింగులో ఉంటారు, తెలియని నంబరని కట్ చేస్తారు. ఒక కాగితము మీద వ్రాసి ఇవ్వండి: మొదట ఎవరికి చెప్పాలి, దొరకకపోతే ఎవరికి, వచ్చేవరకు ఉంచాలా వద్దా, సమాధి ఎక్కడ. అమ్మ ఆరోగ్యముగా ఉన్నప్పుడే, అమ్మను అడిగి వ్రాయండి. అపశకునము అంటారేమో. యోసేపు తన ఎముకలను గూర్చి ముందే ప్రమాణము చేయించుకొన్నాడు, అది విశ్వాసమని హెబ్రీ పత్రిక లెక్క కట్టింది.

పెద్ద కుమారునికి చెప్పేశాముగదా, తక్కినవారికి ఆయన చెప్పుకొంటాడు అనవద్దు. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇండ్లు మన సంఘములలో ఎన్ని లేవు! బిడ్డలందరికీ చేరేవరకు ఫోటో తీయవద్దు, స్టేటస్ పెట్టవద్దు. సంఘ కాపరులారా, మీ గ్రూపులో శ్రద్ధాంజలి పెట్టకముందు, పిల్లలందరికీ చెప్పారా అని ఒక్క ప్రశ్న అడగండి.

ఆశ్రమములో మిగిలినవారి మాట మరువవద్దు. పక్క మంచము మీది అవ్వ నాలుగేండ్లు ఆమెతో కలిసి టీ త్రాగింది, ఒకే దువ్వెన వాడుకొన్నారు. తెల్లవారేసరికి మంచము ఖాళీ, పరుపు ఎండలో ఉన్నది. ఏదమ్మా ఆమె అంటే, ఆసుపత్రికి తీసికొనిపోయారులే అంటారు. అవ్వకు తెలియదా? తెలుసు. తన మంచమూ ఒకరోజు అలాగే ఖాళీ అవుతుందని, అప్పుడూ ఎవరూ చెప్పరని కూడ తెలుసు. అహరోను చనిపోయినప్పుడు సమాజమంతా ముప్పది దినములు దుఃఖించారు. ఆశ్రమములో ముప్పది నిమిషములు ఇవ్వండి. అందరినీ హాలులో కూర్చోబెట్టి, పేరు చెప్పి, ఒక పాట పాడి, ప్రార్థన చేయండి. చూడగోరినవారిని చూడనివ్వండి.

చివరకు, కష్టమైన సంగతి. కొందరు పెద్దవారు, నా కొడుక్కి మాత్రము చెప్పవద్దు అంటారు. కొందరు కొడుకులు, ఇక ఆ మనిషి గూర్చి నాకు ఫోను చేయవద్దు అన్నవారే. ఏమి చేయాలి? ఆదికాండము 25వ అధ్యాయములో అబ్రాహాము 175 ఏండ్లు బ్రతికి చనిపోయాడు. మక్పేలా గుహలో అతనిని పాతిపెట్టినవారు ఎవరు? ఇస్సాకును ఇష్మాయేలును. ఇష్మాయేలు! చిన్నతనమున తల్లితో కూడ రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి పంపివేయబడినవాడు. పారాను అరణ్యములో పెరిగినవాడు. తండ్రి చనిపోయాడని అతనికి ఎలా తెలిసింది? ఎవరో చెప్పారు. ఆ ఎవరో ఎవరని లేఖనము చెప్పదు. ఇతనికెందుకు చెప్పాలి, అన్ని సంవత్సరములు లేనివాడు ఇప్పుడు వస్తాడా అని ఆ మనిషి అనుకొని ఉండవచ్చు. అయినా చెప్పారు. ఇష్మాయేలు వచ్చాడు.

కాబట్టి అటువంటి కుమారునికి కూడ ఫోను చేయండి. రమ్మని బలవంతము చేయవద్దు, నిందించవద్దు. చనిపోయారని, ఎప్పుడు, ఎక్కడ సమాధి అని చెప్పండి. తల్లిదండ్రులు చెప్పవద్దన్నట్లయితే, వారు బ్రతికి ఉండగానే కూర్చొని మాట్లాడండి, ఆ కథ చదివి వినిపించండి. అటు తరువాత కూడ వారు ఒప్పుకోకపోతే అది వారి ఇష్టము, మనము మీరకూడదు. కాని చాలమంది ఒప్పుకొంటారు. నేను చూశాను.

ప్రార్థన చేసికొందాము. తండ్రీ, ఈ రాత్రి డ్యూటీలో మేలుకొనియున్న ఆయాలను, నర్సులను నీ చేతికి అప్పగించుచున్నాము. దూరదేశములలో ఫోను మ్రోగితే ఉలిక్కిపడుచున్న బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.